పెట్ట మేత ముట్టకపోతే ముందు మెడ కింద చెయ్యి పెట్టి చూడండి

పొద్దున్నే గంప ఎత్తగానే మిగతా కోళ్ళన్నీ రెక్కలు విదిల్చుకుంటూ పెంటదిబ్బ మీదకి పరుగెత్తుతాయి. ఒక్క పెట్ట మాత్రం గంప ఉన్నచోటే నిలబడిపోతుంది. ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి ముడుచుకుని, కళ్ళు సగం మూసుకుని. నూకలు చల్లితే చూస్తుంది, ఒక గింజని పొడిచి వదిలేస్తుంది. కోళ్ళున్న ఇంట్లో ఆ వాలకం చూడగానే టెన్షన్ మొదలు.

ఆ తర్వాత సలహాలు మొదలు. పక్కింటి వాళ్ళు వాము నీళ్ళు అంటారు. ఎదురింటి వాళ్ళు ఆముదం అంటారు. ఒకరు పారాసిటమాల్ అరబిళ్ళ అంటారు. ఇంకొకరు నిదానంగా వచ్చి, "ఇంకేంది చూస్తా ఉండావు, బరువు తగ్గిపోకముందే కోసెయ్" అంటారు. మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు దాపున పల్లె. ఈ నాలుగు సలహాలూ నేను విన్నాను, కోసెయ్యడం తప్ప మిగతావన్నీ చేశాను కూడా. మొదటిసారి ముక్కు తెరిచి పట్టుకుని చెంచాడు ఆముదం పోశాను. అది కడుపులోకి పోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయింది. సాయంత్రానికి పెట్ట పోయింది. దానికి వచ్చిన జబ్బు బహుశా రెండు రోజుల్లో నయమయ్యేదే. పోయింది నా చేతిలో.

అందుకే మందు సంగతి తర్వాత. ముందు ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో చెప్తాను.

ముందు విడదీయండి

జబ్బు పెట్టని వెంటనే మందలోంచి తీసేయండి. మిగతా కోళ్ళకి అంటకుండా ఉండటం ఒక కారణం. నీరసంగా ఉన్నదాన్ని మిగతావి పొడిచి చంపుతాయి, అది రెండో కారణం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: మందలో ఉంటే ఏ రెట్ట దానిదో, అది ఎంత తిన్నదో, నీళ్ళు తాగిందో లేదో మీకు తెలియదు.

పెద్ద అట్టపెట్టె చాలు. గాలి ఆడేలా పక్కన నాలుగు బొక్కలు పెట్టండి. అడుగున పాత న్యూస్ పేపర్ పరవండి. వరిగడ్డి, రంపపు పొట్టు వద్దు. ఆకలికో విసుక్కో వాటినే తింటుంది, పైగా రెట్ట రంగు కనబడదు. రంగుల బొమ్మల పేజీ కాకుండా అక్షరాలున్న పేజీ పైకి పెట్టండి, రెట్ట చూడటం తేలిక.

చలికాలమైతే, లేదా తుఫాను వాన పడుతున్న రోజులైతే పెట్టె ఒక పక్కన 60 వాట్ల బల్బు అడుగున్నర, రెండడుగుల ఎత్తున వేలాడదీయండి. వేడి ఒక పక్కనే ఉండాలి. ఎక్కువైతే అది రెండో పక్కకి జరుగుతుంది. రోహిణి కార్తెలో మాత్రం బల్బు మాట ఎత్తొద్దు. ఆ ఎండల్లో కోడి నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని, నీళ్ళు తెగ తాగి నీళ్ళలాంటి రెట్ట వేస్తుంది. అది విరేచనం కాదు, ఎండదెబ్బ. నీడ, చల్లటి నీళ్ళు, తడి గోనెసంచి గాలి తగిలితే తేరుకుంటుంది.

ఒళ్ళు పట్టుకుని "జ్వరం" అనుకోకండి. కోడి ఒళ్ళు మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మన చేతికి ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా కాలినట్టే అనిపిస్తుంది. పారాసిటమాల్ బిళ్ళలు ఇక్కడే మొదలవుతాయి.

పొద్దున చెయ్యి పెట్టి చూడటం

కోడికి పళ్ళు లేవు. తిన్న గింజ ముందు మెడ అడుగున, రొమ్ముకి కాస్త పైన, కోడికి కుడివైపుకి ఉండే మేత సంచిలో పడుతుంది. డాక్టర్లు దీన్ని క్రాప్ అంటారు. అక్కడ నాని, కొంచెం కొంచెంగా లోపలి కడుపులోకి, అక్కడి నుంచి కందనకాయలోకి దిగుతుంది. కందనకాయే దాని తిరగలి. కోడి మింగిన చిన్న రాళ్ళు అందులో ఉండి గింజని నలుపుతాయి. ఈ దారిలో ఎక్కడ ఆగినా పైన మేత సంచి దగ్గర ఆ సంగతి తెలిసిపోతుంది.

సాయంత్రం గూట్లోకి పోయేటప్పుడు ఆ సంచి నిమ్మకాయంత, ఒక్కోసారి ఇంకా పెద్దగా ఉబ్బి ఉంటుంది. అది మామూలే, భయపడకండి. రాత్రంతా అరిగి తెల్లారేసరికి చదునుగా, ఖాళీగా అయిపోవాలి. కాబట్టి సాయంత్రం చూసి ఏమీ తేల్చొద్దు. రాత్రి పెట్టెలో మేత తీసేయండి, నీళ్ళు మాత్రం ఉంచండి. తెల్లవారగానే, ఏమీ పెట్టకముందే, పెట్టని ఒళ్ళో పెట్టుకుని రెక్కలు కదలకుండా ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేతి మూడు వేళ్ళతో మెడ అడుగున మెల్లగా తడమండి.

మా వీధిలో ఒక అవ్వ ఉండేది. నలభై, యాభై కోళ్ళు చూసేది. "అబ్బయ్యా, కోడి నోరు తెరిచి చూసేవాడికి ఏం తెలవదు, గొంతు కింద పట్టుకుని చూసేవాడికి సగం తెలస్తది" అనేది. ఆ సగం ఇదే.

మీ వేళ్ళకి మూడు రకాల్లో ఒకటి తగులుతుంది. ఖాళీగా, చదునుగా ఉంటే మేత సంచిలో ఇబ్బంది లేదు, కారణం కిందెక్కడో ఉంది. అప్పుడు రెట్ట చూడాలి. గట్టిగా, తడి ఇసుక మూటలాగా, చపాతీ పిండి ముద్దలాగా ఉంటే మేత అడ్డుపడింది. నీళ్ళు పోసిన బెలూన్ లాగా మెత్తగా, కదిపితే గలగలమంటూ ఉండి, ముక్కు దగ్గర పులిసిన వాసన వస్తుంటే అది పులుపు పట్టిన సంచి. ఈ మూడింటికీ చేయాల్సిన పని వేరు. ఒకదానికి చేసేది ఇంకొకదానికి చేస్తే ప్రాణం మీదకి వస్తుంది.

గట్టిపడిన సంచి

మన జిల్లాలో దీనికొక సీజను ఉంది. కోతలప్పుడు కల్లాల్లో రాలిన వడ్లు, పొడుగాటి గడ్డి పోచలు, అప్పుడే నూర్చిన పొట్టు. కోళ్ళు రోజంతా అక్కడే. ఎడగారు అనే రెండో పంట కూడా వేసే ఊళ్ళల్లో ఏడాదికి రెండుసార్లు ఇదే గొడవ. గింజ సాధారణంగా అడ్డుపడదు. గడ్డి పోచలు ఒకదానికొకటి చుట్టుకుని ఉండలా తయారవుతాయి, దాని చుట్టూ గింజ చేరుతుంది. సముద్రం పక్క పల్లెల్లో వల నైలాన్ దారం, మిగతా చోట్ల కొబ్బరి పీచు, టీకొట్టు ముందు పారేసిన ప్లాస్టిక్ కవర్ ముక్కలు. పెట్ట కొక్కెంలాంటి ముక్కుతో ఏది పీకినా మింగేయడమే.

చేయాల్సింది ఇది. మేత పూర్తిగా ఆపండి, ఒక పగలు, ఒక రాత్రి. అంతకు మించి ఎండబెట్టొద్దు. నీళ్ళు ఎప్పుడూ ఆపొద్దు.

కొబ్బరి నూనె గానీ నువ్వుల నూనె గానీ గోరువెచ్చగా చేసి, రెండు మూడు మిల్లీలీటర్లు తీసుకోండి. మందుల షాపులో దొరికే 5 మిల్లీలీటర్ల సిరంజిని సూది తీసేసి వాడండి. నేను చెంచా వాడి చెడిపోయిన చోటు ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. కోడి నోరు తెరిచి చూస్తే నాలుక వెనకనే చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ కనబడుతుంది. అది ఊపిరి గొట్టం మూతి. తల పైకెత్తి నోట్లో గుమ్మరిస్తే నేరుగా అందులోకే పోతుంది. అందుకని నోరు బలవంతంగా తెరవొద్దు. తల మామూలుగా ఉండగానే ముక్కు పక్క అంచు దగ్గర, పై ముక్కు కింది ముక్కు కలిసే చోట, ఒక చుక్క పెట్టండి. అది నాలుకతో లాక్కుని తల ఎత్తి గుటక వేస్తుంది. గుటక వేసిందని చూశాకే ఇంకో చుక్క. మూడు మిల్లీలీటర్లకి ఐదారు నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. దగ్గినా, తల విదిల్చినా, గురక వినబడినా ఆపేయండి.

నూనె తర్వాత అలాగే ఐదు, పది మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళు. పావుగంట ఆగి నిమరడం మొదలుపెట్టండి. నిమరడం అంటే పిండి పిసకడం కాదు. పసిపిల్లకి నూనె రాసేటప్పుడు ఎంత ఒత్తుతామో అంతే. గట్టి ముద్దని అంచుల దగ్గర నుంచి వేళ్ళతో కొంచెం కొంచెంగా విడదీస్తున్నట్టు చేయాలి. ఒక్కసారికి ఐదు నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు. పైకి నోటివైపు మాత్రం నెట్టొద్దు. చాలామంది కోడిని తలకిందులుగా వేలాడదీసి కక్కిస్తారు. కొన్ని బతుకుతాయి, అందుకే ఆ పద్ధతి ఇంకా నడుస్తోంది. చచ్చినవాటి గురించి ఎవరూ చెప్పుకోరు. సంచిలో ఉన్నది ఊపిరి గొట్టంలోకి దిగితే కోడి మీ చేతిలోనే పోతుంది.

మొదటిరోజు సాయంత్రానికి ముద్ద కొంచెం మెత్తబడినట్టు తెలుస్తుంది. రెండోరోజు పొద్దున సగమైతే సరైన దారిలో ఉన్నట్టే. రెండు రోజులు గడిచినా రాయిలాగే ఉంటే ఇక ఇంట్లో పనికాదు, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మేత సంచిని కోసి లోపలున్నది తీసి కుట్టేస్తారు. పెద్ద ఆపరేషన్ కాదు గానీ బ్లేడు పట్టుకుని మీరు చేసే పని మాత్రం కాదు.

పులిసిన సంచి

ఇది ఎక్కువసార్లు అడ్డుపడిన మేతకి కొనసాగింపే. లోపల చాలాసేపు నిలిచిపోయిన అన్నం, నూకలు పులుస్తాయి. కాండిడా అనే ఈస్టు పెరుగుతుంది. పండగ తర్వాత మిగిలిన పులిహోర, బూరెలు, అరిసె ముక్కలు కోళ్ళకి వేస్తాం చూడండి, ఆ వారంలో ఇది ఎక్కువ కనబడుతుంది. చాలారోజులు యాంటీబయాటిక్ నీళ్ళు తాగిన కోళ్ళకీ వస్తుంది. లోపలి మంచి సూక్ష్మజీవులు చచ్చాక ఈస్టుకి అడ్డే ఉండదు.

ఇక్కడ నూనె వద్దు, గట్టిగా నిమరడం అసలే వద్దు. సంచిలో ఉన్న పులిసిన నీళ్ళు పైకి వచ్చి ఊపిరి గొట్టంలో పడతాయి. మేత ఒక రోజు ఆపండి. నీళ్ళు కొద్దికొద్దిగా, తరచుగా పెట్టండి. తీపి, బెల్లం, చక్కెర కలిపినవి ఇవ్వొద్దు, ఈస్టుకి అదే తిండి. మరుసటి రోజు రెండు చెంచాల పెరుగు, ఉడికించిన గుడ్డు నలిపి కొంచెం. పెరుగు మంచిదే కదా అని గిన్నెడు పెట్టకండి, పాల పదార్థాలు కోడికి అంతగా అరగవు, రెట్ట ఇంకా పల్చబడుతుంది. రెండు రోజుల్లో వాసన తగ్గకపోతే డాక్టర్ని అడగండి, నిస్టాటిన్ లాంటి ఫంగస్ మందు ఇస్తారు. పాతకాలం వాళ్ళు మైలుతుత్తం కలిపిన నీళ్ళు పెట్టేవాళ్ళు. పని చేస్తుంది గానీ కొలత తప్పితే అదే విషం. చిటికెడు, రవ్వంత అనే లెక్కల మీద మైలుతుత్తాన్ని కోడి గొంతులో పోయొద్దు.

సంచి ఖాళీగా ఉంటే రెట్ట చదవండి

ఈ పని ఎవరికీ నచ్చదు. మా ఇంట్లో పిలకాయలు ముక్కు మూసుకుని పారిపోతారు. కానీ మేత సంచి బాగున్నప్పుడు మీకు మిగిలిన ఆధారం ఈ ఒక్కటే. ప్రతి రెండు గంటలకి పేపర్ మార్చి చూడండి.

మామూలు రెట్ట గోధుమరంగో, కొంచెం పచ్చ కలిసిన గోధుమో ఉండి, పైన తెల్లటి సున్నం మూత పెట్టినట్టు ఉంటుంది. ఆ తెలుపు దాని మూత్రం. ఎనిమిది, పది సార్లకి ఒకసారి మాత్రం బంకలాగా, తేనెరంగు నుంచి ముదురు గోధుమ దాకా, విపరీతమైన కంపుతో ఒకటి పడుతుంది. అది కోడి పేగు చివరనున్న రెండు గుడ్డి పేగుల్లోంచి వచ్చేది. దాన్ని చూసి విరేచనాలు అనుకుని మందు పోసినవాళ్ళు చాలామంది. అది జబ్బు కాదు.

ముదురు పచ్చగా, పల్చగా ఉంటే చాలాసార్లు దాని అర్థం కోడి తిండి తినట్లేదని. ఖాళీ పేగుల్లోంచి పైత్యరసం ఒక్కటే వస్తోంది. అయితే పచ్చటి పారుడుతో పాటు గురక, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిరగడం, కాళ్ళు పడిపోవడం ఉంటే అది కొక్కెర తెగులు (రాణిఖేత్) కావచ్చు. దాని మాట కింద చెప్తాను.

గింజలు అరగకుండా గింజల్లాగే పడుతుంటే కందనకాయలో రాళ్ళు లేవని గానీ, పురుగులున్నాయని గానీ అనుకోండి. పుంజుకి బాదం పప్పులు తినిపించేవాళ్ళు కూడా పెట్టకి గులకరాళ్ళ సంగతి పట్టించుకోరు. ఇప్పుడు వాకిళ్ళన్నీ సిమెంటు. కోడికి రాయి ఎక్కడ దొరుకుతుంది? పెన్న ఇసుకని జల్లెడ పట్టి పైన మిగిలిన ముతక రాళ్ళని కడిగి ఒక మూకుట్లో పెట్టండి, అదే తీసుకుంటుంది. సముద్రపు ఇసుక వద్దు, సన్నం, ఉప్పు కూడా. ఆల్చిప్పల పొడి వేరు, అది గుడ్డు పెంకుకి కావలసిన సున్నం. అది కడుపులో కరిగిపోతుంది, రాయి చేసే పని చేయదు. రెండూ పెట్టాలి.

తెల్లటి దారాల్లాంటి పురుగులు రెట్టలో కనబడితే ఇక అనుమానమే లేదు. రొమ్ము మధ్య ఎముక చేతికి కత్తిలా తగులుతుంటే, తింటున్నా బరువు తగ్గుతుంటే పురుగులు కనబడకపోయినా ఉండొచ్చు. పైపరజిన్, ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ లాంటి మందులున్నాయి. కోడి బరువుని బట్టి డోసు పశువైద్యుణ్ణి అడిగి వేయండి, మన పిల్లల మందు సీసా మీది కొలత కాదు. మందు వేసిన తర్వాత ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో కూడా అప్పుడే అడగండి.

నెత్తురు కనబడితే అదే రోజు కదలండి. ముఖ్యంగా ఒకటి నుంచి మూడు నెలల పిల్లల్లో ఎర్రగా, జిగటగా పడితే కాక్సిడియోసిస్, పేగుల్లో చేరే ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు. మన వాళ్ళు రక్తపారుడు అంటారు. మన ఊళ్ళల్లో దీనికి కాలం అక్టోబర్ నుంచి డిసెంబర్. మిగతా రాష్ట్రానికి వానలు అయిపోయే వేళకి మనకి ఈశాన్య ఋతుపవనాలు మొదలవుతాయి. గూడు నేల నాలుగు రోజులు ఆరదు. రెట్టలో పడిన ఆ సూక్ష్మజీవి గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటించే స్థితికి వస్తాయి. ఆరోగ్యంగా కనబడే కోళ్ళు అదే నేల మీద గింజలు ఏరుకుని తింటాయి. దీనికి ఆంప్రోలియం మందు నీళ్ళలో కలిపి ఇస్తారు, డాక్టర్ చెప్పిన కొలతలో, చెప్పినన్ని రోజులు. ఈ మందు ఆ జీవికి బి1 విటమిన్ అందకుండా చేసి చంపుతుంది. కాబట్టి అదే రోజుల్లో "బలానికి" అని బి కాంప్లెక్స్ చుక్కలు కలిపితే మందు సగం వృథా. మామూలు ఫినాయిలుతో ఈ గుడ్లు చావవు. గూడు మొత్తం ఊడ్చి, ఎండ తగిలేలా నాలుగు రోజులు తెరిచి పెట్టాలి.

ఇంకొకటి, పేగుల జబ్బు కాకుండా అలా కనబడేది. పెట్ట తోక కిందికి వంచి, కాళ్ళు ఎడంగా పెట్టి, ముక్కుతూ నిలబడితే గుడ్డు అడ్డుపడి ఉండొచ్చు. గోరువెచ్చటి నీళ్ళ బేసిన్‌లో కింది భాగం పావుగంట మునిగేలా పెట్టండి. గుడ్డు దిగకపోతే లోపలే పగలగొట్టి తీసే ప్రయత్నం చేయొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

నీళ్ళు, తర్వాతే తిండి

పారుడు పట్టిన కోడి ఆకలితో చావడానికి చాలారోజులు పడుతుంది, ఒంట్లో నీరు ఆరిపోతే రెండు రోజులు చాలు. మనం వాడే ఓఆర్‌ఎస్ పొట్లం పనికొస్తుంది. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలో మొత్తం కలిపి, దానికి అంతే మామూలు నీళ్ళు చేర్చి పల్చన చేయండి. ఒక పూట ఇది, ఒక పూట మామూలు నీళ్ళు. పులిసిన సంచి ఉన్నప్పుడు మాత్రం దీన్లో చక్కెర ఉంటుందని గుర్తు పెట్టుకోండి. ఇంట్లో ఉప్పు, చక్కెర కలిపే పద్ధతి కోడికి వాడకండి, ఉప్పు కొంచెం ఎక్కువైనా కోడి తట్టుకోదు. ఎండుచేపలు కడిగిన నీళ్ళు, ఉప్పుచేప తలకాయలు కోళ్ళకి వేసే అలవాటు తీరం వెంబడి ఊళ్ళల్లో ఉంది. దాహంతో నీళ్ళు తాగి తాగి నీళ్ళ రెట్ట వేసే కోడి కనబడితే ముందు ఆ అలవాటు మీద అనుమానపడండి.

తిండి మళ్ళీ మొదలుపెట్టేది మేత సంచి ఒక పొద్దున్నైనా పూర్తిగా ఖాళీ అయ్యాకే. మొదటిరోజు పల్చటి రాగిజావ, ఉప్పు లేకుండా, రెండు మూడు చెంచాలు, గంటన్నరకి ఒకసారి. రెండోరోజు చేత్తో నలిపితే నలిగేంత మెత్తగా ఉడికించిన నూకలు, అందులో ఉడికిన గుడ్డు పచ్చసొన సగం. కోడికి గుడ్డు పెడుతున్నామని నవ్వకండి, నీరసం మీదున్న పెట్టకి అంత తేలిగ్గా అరిగే మాంసకృత్తులు ఇంట్లో వేరే లేవు. మూడోరోజు సన్నగా తరిగిన మునగాకు కొంచెం. పొడుగాటి ఆకుకూర కాడలు వద్దు, మళ్ళీ చుట్టుకుంటాయి. నాలుగో రోజు సంచి పొద్దున ఖాళీగా ఉంటేనే గట్టి గింజ, దానితో పాటు ముతక రాళ్ళ మూకుడు.

వేరుశనగ చెక్క పెట్టే అలవాటుంటే ఇప్పుడు ఆపండి. వానాకాలంలో మూటలో పెట్టిన చెక్కకి పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. బూజు దులిపేసినా, ఎండబెట్టినా విషం పోదు. తవుడు కూడా పాతబడితే కారు వాసన వస్తుంది. వాసన చూసి పెట్టండి.

రోజూ ఒకే వేళకి బరువు చూడండి. సంచిలో కూర్చోబెట్టి కొట్టువాళ్ళ దగ్గరుండే చేతి కాటాకి తగిలిస్తే చాలు. మందు పని చేస్తోందా లేదా అనేది కోడి మొహం చూసి చెప్పడం కన్నా, నిన్నటికి ఇవ్వాళ్టికి యాభై గ్రాములు పెరిగిందా తగ్గిందా అని చూసి చెప్పడం నయం.

ముడ్డి దగ్గర రెట్ట అంటుకుని గట్టిపడితే గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి తీయండి, పీకొద్దు. అక్కడి ఈకలు కత్తెరతో కత్తిరించి ఆరబెట్టి కొబ్బరి నూనె రాయండి. తడిగా వదిలేస్తే ఈగలు వాలి పురుగు పడుతుంది. ఆ తర్వాత మీ చేతులు సబ్బుతో కడుక్కోవడం మర్చిపోకండి, కోడి రెట్టలోని సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి మనుషులకీ విరేచనాలు తెప్పిస్తుంది.

ఇంట్లో చేయకూడనివి

ఒక కోడి కాదు, రెండు రోజుల్లో నాలుగైదు ఒకేసారి ముడుచుకుంటే ఈ రాసిందంతా పక్కన పెట్టండి. కొక్కెర తెగులుకి వైద్యం లేదు, టీకా ఒక్కటే. పిల్లలకి మొదటి వారంలో కంట్లో చుక్క వేసే లసోటా, ఎనిమిదో వారంలో ఆర్‌టూబి ఇంజెక్షన్. పశువుల ఆసుపత్రిలో అడగండి.

ఉన్నట్టుండి గుంపుగా చస్తుంటే, తురాయి, కాళ్ళు నీలంగా మారి, మొహం వాస్తే బర్డ్ ఫ్లూ అనుమానించాలి. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళకి అది తేలింది. అలాంటప్పుడు చచ్చిన కోడిని చేత్తో తాకొద్దు, కోసి చూడొద్దు, కాలవలో పారేయొద్దు, పక్క ఊరికి అమ్మొద్దు. ముక్కుకి గుడ్డ కట్టుకుని దూరంగా ఉండి పశువైద్యుడికి చెప్పండి. వాళ్ళే నమూనా తీస్తారు. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులు ఉంటారు, 1962కి ఫోన్ చేసినా పశువుల అంబులెన్స్ వాళ్ళు పలుకుతారు.

జబ్బు చేసిన కోడిని కోసుకు తినడం గురించి ఒక్క మాట. మీరు దానికి మందు పోసి ఉంటే ఆ మందు మాంసంలో ఉంటుంది. పోయకపోతే ఆ జబ్బు ఉంటుంది. అది ఒకటిన్నర కేజీల కూర, అంతే.

మందలోకి తిరిగి పంపడం

పెట్ట రెండు పొద్దులు వరసగా ఖాళీ సంచితో లేచి, గింజకి ఎగబడి, రెట్ట మీద తెల్ల మూత మళ్ళీ కనబడితే పంపొచ్చు. పట్టపగలు తీసుకెళ్ళి మధ్యలో వదలకండి. వారం రోజులు లేని పెట్టని మిగతావి కొత్తదాన్ని చూసినట్టే చూస్తాయి, తురాయి మీద పొడుస్తాయి. పొద్దుగూకాక, కోళ్ళన్నీ గంప కిందకి చేరి కునుకు పట్టాక, మెల్లగా గంప ఒక పక్క ఎత్తి దాన్ని లోపలికి జరపండి. పొద్దునకి ఒకదానికొకటి అలవాటై గొడవ తగ్గుతుంది. ఆ మధ్యలో వాకిట్లో, కల్లం పక్కన, కట్టె మొద్దుల వెనక నైలాన్ దారాలు, కవర్ ముక్కలు, పొడుగాటి గడ్డి పోచలు ఏరేయండి. నేను నా నల్లపెట్టకి రెండోసారి నూనె చుక్కలు వేయాల్సి వచ్చింది ఈ పని చేయకే. ఆ రెండోసారి సంచిలోంచి జారి రెట్టలో బయటికొచ్చింది రొయ్యల వల దారం, జానెడు పొడుగు.